రాగి చుట్ట, స్టీలు చుట్ట, మా బోరు నీళ్లు: వోర్ట్ చిల్లర్‌ని పాలకి వాడిన కథ

ముందే చెప్పేస్తున్నాను, ఇక్కడ చుట్ట అంటే మా తాతయ్య కాల్చిన లంక పొగాకు చుట్ట కాదు. స్ప్రింగులాగా గుండ్రంగా చుట్టిన లోహపు గొట్టం. మరుగుతున్న గిన్నెలో దాన్ని ముంచి, లోపల్నుంచి చల్లటి నీళ్లు పారిస్తే గిన్నెలో ఉన్నది చల్లారుతుంది. బీరు కాచేవాళ్లు దీన్నే వోర్ట్ చిల్లర్ అంటారు. ఒక చివర నీళ్లు వెళ్తాయి, ఇంకో చివర వేడెక్కి బయటికొస్తాయి, అంతే, ఇందులో పాడవడానికి కూడా ఏమీ లేదనుకునేవాణ్ణి. పాడవుతుంది. ఎలా పాడవుతుందో కూడా చెప్తాను.

నేను మొదటిది 2012లో మిన్నెసోటాలో కొన్నాను. అక్కడ ఇంట్లో బీరు కాచుకోవడం తప్పు కాదు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గాలన్ల దాకా కాచుకోవచ్చు, అమ్మకూడదంతే. మొలకెత్తించిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి వడకడితే వచ్చే తియ్యటి రసాన్ని వోర్ట్ అంటారు. దాన్ని హాప్స్ అనే చేదు పూలు వేసి గంటసేపు మరిగించి, ఈస్ట్ వెయ్యడానికి 20 డిగ్రీల దగ్గరికి దింపాలి, అదీ త్వరగా దింపాలి, ఎందుకంటే గోరువెచ్చగా ఎంతసేపుంటే అంతసేపు అక్కర్లేని బ్యాక్టీరియాకి విందు, పైగా వేడిలోనే ఉండిపోతే హాప్స్ చేదు కూడా పెరుగుతూ పోతుంది. నాది పాతిక అడుగుల రాగి గొట్టం, మూడు సూత్‌ల లావు, అరవై డాలర్లు. చలికాలంలో అక్కడి కుళాయి నీళ్లు చేతికి జివ్వుమనేవి, 5 డిగ్రీలుండేవేమో. 19 లీటర్ల వోర్ట్ పావుగంటలో దిగిపోయేది. ఈ వస్తువు అంత గొప్పదని నేను మురిసిపోయాను గానీ, గొప్పతనమంతా ఆ కుళాయి నీళ్లదని ఇంటికొచ్చాకే తెలిసింది.

2018లో పాలకొల్లు పక్కన మా ఊరికి తిరిగొచ్చేశాను. ఇక్కడ ఇంట్లో బీరు కాయడానికి చట్టం ఒప్పుకోదు, నాకూ అంత సరదా మిగల్లేదు. కానీ చుట్టని సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చాను, కస్టమ్స్‌లో ఇదేంటని రెండుసార్లు విప్పించారు. అమ్మ అప్పటికే రోజుకి నలభై లీటర్ల గేదెపాలు కాచి కుండల్లో తోడుపెట్టి హోటళ్లకి, పెళ్లిళ్ల సీజన్లో భోజనాలకి పెరుగు పోస్తోంది. కాచిన గుండిగని నీళ్లు పోసిన సిమెంటు తొట్టిలో దించి, నీళ్లు వేడెక్కితే తోడిపోసి మళ్లీ నింపి, తోడువేసే వేడికి రావడానికి రెండు గంటలు పట్టేది. ఎండాకాలం ఇంకా ఎక్కువ. అది చూసి నేను హీరోలాగా అటక మీంచి రాగి చుట్ట దించాను.

ఇక్కడే మొదటి తప్పు. వోర్ట్‌కి రాగి మంచిదే, ఎవరూ కాదనరు. పాలకి కాదు. పాలలోని కొవ్వుకి గాలి తగిలి పాడయ్యే పనిని రాగి చాలా తొందర చేస్తుంది, కంటికి కనిపించనంత కరిగినా చాలు. పెరుగులో మొదట్లో పెద్దగా తెలియలేదు గానీ, ఆ పెరుగు చిలికి తీసిన వెన్న కాస్తే నెయ్యికి అట్టముక్కలాంటి, ముక్కిపోయిన వాసన వచ్చింది. మేం గేదె మేతని అనుమానించాం, తవుడుని అనుమానించాం, పాలు పోసే ఆయన్ని కూడా అనుమానించాం పాపం. చివరికి ఒకరోజు చుట్ట సరిగ్గా కడక్కుండా వదిలేస్తే మర్నాటికి పాలు ఆరిన చోట పచ్చగా కిలుం పట్టింది. అమ్మ దాన్ని చూసి, "ఒరేయ్, రాగిచెంబులో మజ్జిగ పొయ్యకూడదని చిన్నప్పుడు నీకెన్నిసార్లు చెప్పాన్రా" అంది. నా దగ్గర జవాబు లేదు. రాగి గంగాళానికి కళాయి పూయించకుండా మన వాళ్లు వంట చెయ్యలేదంటే ఊరికే కాదు కదా.

కాబట్టి పాలకైతే స్టీలు. రాగి స్టీలు కంటే పాతిక రెట్లు బాగా వేడిని మోస్తుందని లెక్కలు చెప్తాయి, అది నిజమే, కానీ గొట్టం గోడ మందం మిల్లీమీటరే. ఆలస్యం జరిగేది లోహంలో కాదు, చుట్టని అంటుకుని కదలకుండా నిలబడిపోయే పాలపొరలో. అందుకే ఏ లోహమైనా తెడ్డుతో కలపకపోతే ఒకటే. కలుపుతూ ఉంటే మా నలభై లీటర్లు 14 నిమిషాల్లో దిగుతాయి, చుట్ట పెట్టేసి టీ తాగడానికెళ్తే అరగంట పడుతుంది. నేను రెండూ వాచీ పెట్టి చూశాను. కొనేముందు లోహం గురించి వారం ఆలోచించేవాళ్లు తెడ్డు గురించి ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలు. పొడవు మాత్రం నిజంగా తేడా చూపిస్తుంది. నలభై లీటర్లకి అరంగుళం గొట్టం, కనీసం పదిహేను మీటర్లు. నా పాత రాగిది పాతికడుగులే కాబట్టి కలిపినా అరగంట పైనే పట్టేది.

మొదటి స్టీలు చుట్టని దగ్గర్లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో చేయించాను, పేరెందుకులెండి. పదిహేను మీటర్ల ముక్క ఒకటే దొరకలేదని మూడు ముక్కలు ఆర్గాన్ వెల్డింగ్‌తో అతికించి చుట్టారు. రెండు అతుకులు పాలల్లో మునిగేవే. చూడ్డానికి అద్దంలా ఉంది. మా బోరు నీళ్లు ఉప్పన, తాగడానికి పనికిరావు. సముద్రం దగ్గర కదా, పైగా చుట్టూ రొయ్యల చెరువులు. ఉప్పులోని క్లోరైడు ఆ చుట్టకి వాడిన 304 రకం, అంటే మామూలు స్టెయిన్‌లెస్ స్టీలుకి పడదు, గొట్టమంతా తుప్పు పట్టించదు, ఒకే చోట సూది గుచ్చినట్టు తినేస్తుంది, అదీ వెల్డింగ్ దగ్గర ముందు. రెండేళ్లు దాటాక పెరుగు ఒక్కోరోజు పల్చగా తోడుకునేది, అమ్మ పాలవాళ్లు నీళ్లు కలుపుతున్నారని గొడవ, వాళ్లు అమ్మ మీద గొడవ. ఆఖరికి తెలిసిందేమిటంటే నీళ్లు కలుపుతున్నది నేనే. అతుకు దగ్గర గుండుసూది మొనంత బెజ్జం.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం సైకిల్ ట్యూబుకి పంక్చరు చూసినట్టే చూస్తాను: ఒక చివర బిరడా బిగించి, ఇంకో చివర సైకిల్ పంపుతో గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచడం. బుడగ వచ్చిందా, ఆ చుట్ట ఇక పాలల్లోకి వెళ్లదు. ఇది చెయ్యకుండా ఎవరూ వాడొద్దు, బోరు నీళ్లు పాలల్లో కలిస్తే పోయేది రుచి ఒక్కటే కాదు.

2021లో రెండోది చేయించాను. 316 రకం గొట్టం, ఉప్పుకి అది కాస్త బాగా తట్టుకుంటుంది. ఒకటే ముక్క, అతుకులన్నీ గుండిగ అంచు దాటి బయట. కూలితో కలిపి ఆరువేల చిల్లర అయింది, పాతది నాలుగున్నర వేలు. గొట్టంలో సన్నటి పొడి ఇసక నింపి, రోలర్ల మీద చుట్టించాం, లేకపోతే వంపుల దగ్గర గొట్టం నొక్కుకుపోతుంది. ఆ ఇసక మొత్తం బయటికి రావడానికి రెండ్రోజులు నీళ్లు కొట్టాం, అదొక తలనొప్పి. ఇప్పటికీ అదే వాడుతున్నాం. వాడటం అయిపోగానే గాలి ఊది లోపలి బోరు నీళ్లన్నీ బయటికి పంపించేసి, ఒక బకెట్ పంచాయతీ కుళాయి నీళ్లతో కడిగేస్తాను. నిలవున్న ఉప్పునీరే దీని శత్రువు, పారే నీరు అంత కాదు.

కాలువ నీళ్లు వాడొచ్చు కదా అని మా బావ అడిగాడు. వాడి చూశాను, చిన్న మోటారు పెట్టి. ధవళేశ్వరం నుంచి వచ్చే నీరు తియ్యటిదే, కానీ వరదల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు చుట్ట లోపల ఒండ్రు పేరుకుపోయి ధార సన్నబడింది, ఇక ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, సరిగ్గా పెళ్లిళ్ల రోజుల్లో. మేడ మీది ట్యాంకు నీళ్లైతే అసలొద్దు. మే నెల మధ్యాహ్నం అవి స్నానానికే కాలుతుంటాయి. బోరు నుంచి నేరుగా వస్తే ఏ కాలంలోనైనా 29 డిగ్రీల దగ్గర ఉంటాయి, ఇంతకంటే చల్లటి నీళ్లు ఇక్కడ భూమిలోంచి రావు.

ఈ 29 డిగ్రీలే మొత్తం కథ. నేను రాసుకున్న అంకెలు ఇవీ: నిమిషానికి ఎనిమిది లీటర్ల ధార, బాగా కలుపుతూ ఉంటే, పాలు 95 నుంచి 60కి ఆరు నిమిషాల్లో వస్తాయి. 60 నుంచి 43కి ఇంకో ఏడెనిమిది. అక్కణ్ణుంచి 33కి రావాలంటే మళ్లీ పది నిమిషాల పైనే, పదే పది డిగ్రీల కోసం. నీటికీ పాలకీ వేడిలో తేడా తగ్గేకొద్దీ పని నెమ్మదిస్తుంది, 29 కిందికి ఎన్ని గంటలు పారించినా దిగదు. పెరుగు చేసే సూక్ష్మజీవులకి కావలసింది 43 దగ్గర, అంటే చుట్ట చురుగ్గా పనిచేసే చోటే మన పని అయిపోతుంది. బీరుకైతే 20 కావాలి, ఇక్కడి నీళ్లతో అది జన్మకి రాదు. మిన్నెసోటాలో బీరుకి కొన్న వస్తువు, మా ఊళ్లో బీరు కంటే పెరుగుకే సరిపోయింది. ఇంత పెద్ద మాట ఎందుకంటే, కొనేముందు జనం గొట్టం మందం, మెరుపు, ఎన్ని వరసలు అని చూస్తారు తప్ప, ఒక్కసారి బోరు నీళ్లలో థర్మామీటరు పెట్టి చూడరు. నేనూ చూడలేదు.

నేను 45 దగ్గరే నీళ్లు ఆపేస్తాను, కుండల్లో పోసేసరికి రెండు డిగ్రీలు ఎలాగూ పోతాయి. అమ్మ థర్మామీటర్ని నమ్మదు. చిటికెన వేలు పెట్టి పది అంకెలు లెక్కపెట్టుకుని "ఇప్పుడు వెయ్యి తోడు" అంటుంది. ఆవిడ వేలికీ నా మీటరుకీ డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఎప్పుడూ రాలేదు, నిజం.

ఒక విషయంలో మాత్రం ఓడిపోయాను. మీగడ. తెడ్డుతో తిప్పుతూ గబగబా చల్లారిస్తే పైన తెట్టు కట్టదు. మొదటి వారంలోనే హోటలాయన ఫోను: "ఏవండీ, పెరుగు బానే ఉందండీ, మరి మీగడేదండీ?" ఇప్పుడు 50 దగ్గర తెడ్డు ఆపేస్తున్నాం, కుండల్లో పోశాక మూత పెట్టకుండా కాసేపు వదిలి అప్పుడు తోడు వేస్తున్నాం. కొంచెం కడుతోంది. తొట్టిలో రెండు గంటలు ఆరిన పాల మీద కట్టే దళసరి మీగడ మాత్రం రాదు, వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఇంట్లో తినడానికి మేం ఇప్పటికీ ఒక తపేలా విడిగా, పాత పద్ధతిలోనే ఆరబెట్టుకుంటాం.

గొట్టాల సంగతి. బయటికొచ్చే నీళ్లు మొదట్లో చెయ్యి పెట్టలేనంత వేడి. మొక్కలకి నీళ్లుపెట్టే మామూలు ప్లాస్టిక్ పైపు దానికి మెత్తబడి క్లిప్పులోంచి జారిపోతుంది. నాకు జారింది, నిండు గుండిగలోకి నీళ్లు చిమ్మాయి, నలభై లీటర్లు గేదెల కుడితిలో పోశాం. లోపల దారం అల్లిన పైపు తీసుకోండి, క్లిప్పులు గుండిగ మీద కాకుండా పక్కకి వచ్చేలా చుట్ట కొసలు వంపించుకోండి. ఇంకొకటి, చుట్టని పాలు మరిగే ఆఖరి పది నిమిషాల్లో ముంచేస్తే దానికదే శుద్ధి అవుతుంది, కానీ లోపల నీళ్లు మిగిలుంటే ఆవిరై కొసల్లోంచి బుస్సుమని చిమ్ముతాయి. నా మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది. కొసలు రెండూ తెరిచే ఉంచాలి, మనిషి లేని వైపుకి తిప్పాలి, పొరపాటున కూడా బిరడా పెట్టి వేడి చెయ్యకూడదు.

ఒక్కో విడతకి వంద లీటర్ల పైగా నీళ్లు పోతాయి. మొదటి రెండు బకెట్లూ సలసలా ఉంటాయి కాబట్టి గిన్నెలు తోమడానికి పట్టుకుంటాం, మిగతాది తొట్టిలో ఆరనిచ్చి కొబ్బరిచెట్లకి. కడగడానికి కొబ్బరిపీచు, చాకలిసోడా. నెలకోసారి నిమ్మఉప్పు కలిపిన నీళ్లు లోపల నింపి గంట ఉంచితే గార వదులుతుంది. బ్లీచింగు తగలనివ్వను, ఇనప పీచూ వాడను. ప్లేట్ చిల్లర్ అని చిన్న పెట్టెలాంటిది ఇంకా వేగంగా చల్లారుస్తుంది, బీరుకి నేనూ కొన్నాళ్లు వాడాను. పాలకి ఇంట్లో వద్దు, లోపల అంటుకున్న పాలగార కంటికి కనిపించదు, కనిపించనిది కడిగామని ఎలా అనుకుంటాం.

వేసవిలో బాదంపాలు అడుగుతారు, అవి బాగా చల్లగా ఉండాలి. దానికి మొదట నేను తెలివిగా ఐసు బకెట్లో పాత రాగి చుట్ట పెట్టి, బోరు నీళ్లని అందులోంచి పంపి తర్వాత స్టీలు చుట్టలోకి పంపాను. ఐసు అరగంటలో అయిపోయింది, పాలు మాత్రం వెచ్చగానే ఉన్నాయి, చల్లదనమంతా కొబ్బరిచెట్లు తాగేశాయి. ఇప్పుడు బోరు నీళ్లతో 40 దాకా దింపి, అప్పుడు ఐసు తొట్టిలో ఎయిర్ కూలర్ మోటారు వేసి అవే నీళ్లు తిప్పుతాను. చేపలకీ రొయ్యలకీ చేసే ఐసు దిమ్మలు ఇక్కడ ఎప్పుడు కావాలన్నా దొరుకుతాయి. ఆ ఐసు నోట్లోకి వెళ్లేది కాదు, తొట్టి దాటి రానివ్వొద్దు. పాతిక కేజీల దిమ్మకి నలభై లీటర్లు హాయిగా దిగుతాయి.

దాంతో రాగి చుట్టకి ఆ పని కూడా లేకుండా పోయింది. అటక మీద ఉంది. సంక్రాంతికి అమ్మ రాగిచెంబులతో పాటు దాన్ని కూడా చింతపండు పెట్టి తోముతుంది, తళతళలాడుతూ ఉంటుంది. రాగి ధర చూసి అమ్మేద్దామంటే నాకు మనసొప్పడం లేదు. చట్టం ఒప్పుకునే చోట బీరు కాచుకునేవాళ్లెవరైనా అడిగితే ఊరికే ఇచ్చేస్తాను, పాలల్లో పెట్టనని మా అమ్మకి మాటివ్వాలి.