ఇంట్లో స్లీప్ టెస్ట్: ఊపిరి లెక్క దొరుకుతుంది, నిద్ర లెక్క దొరకదు

రేటింగ్: 5కి 3.5

హైదరాబాద్‌లో నిద్రలో ఊపిరి ఆగే జబ్బును (స్లీప్ అప్నియా) పట్టుకునే స్లీప్ టెస్ట్ ఇప్పుడు ఇంటికే వస్తోంది. సాయంత్రం టెక్నీషియన్ వచ్చి అరచేతిలో పట్టే పెట్టె ఇచ్చి, ఎలా పెట్టుకోవాలో చూపించి వెళ్తాడు, పొద్దున వచ్చి తీసుకెళ్తాడు. ఆస్పత్రి మంచం మీద తలనిండా వైర్లతో పడుకోవడం కన్నా నయమే. గురక గట్టిగా ఉండి, మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెప్తుంటే ఈ టెస్ట్ చాలావరకు సరిపోతుంది. గురక పెద్దగా లేకుండా మతిమరుపు, పగటి మత్తు మాత్రమే ఉంటే దీన్ని పూర్తిగా నమ్ముకోవద్దు.

కిట్‌లో ముఖ్యమైనవి మూడు: ముక్కులో గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి ఆక్సిమీటర్. మెదడు తరంగాలు చూసే ఈఈజీ ఉండదు. చిక్కంతా అక్కడే. గొంతు మూసుకుపోయి 10 సెకన్లో, ఇంకా ఎక్కువో గాలి ఆడకపోతే మెదడు ఉలిక్కిపడి గొంతు తెరిపిస్తుంది. ఆ మెలకువ కొద్ది సెకన్లే, పొద్దున గుర్తుండదు. రాత్రంతా ఇదే తంతైతే గాఢనిద్ర, కలల నిద్ర రెండూ ముక్కలవుతాయి. పగలు చదివింది, విన్నది జ్ఞాపకంగా కుదురుకునేది ఆ నిద్రల్లోనే. పైగా రక్తంలో ఆక్సిజన్ పడుతూ లేస్తూ ఉంటుంది. ఈ జబ్బున్నవాళ్ల మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో గ్రే మ్యాటర్ (నాడీకణాలు ఎక్కువగా ఉండే భాగం) తగ్గినట్టు కొన్ని ఎంఆర్ఐ అధ్యయనాల్లో కనిపించింది కూడా. గాలి పూర్తిగా ఆగకుండా తగ్గి, ఆక్సిజన్ పెద్దగా పడకుండా, మెలకువతోనే ముగిసిన ఘటనలు ఈ పెట్టె లెక్కలోకి రావు.

లెక్కలోనూ తేడా వస్తుంది. 96 సార్లు ఊపిరికి అడ్డం పడిందనుకోండి. పెట్టె నడిచిన 8 గంటలతో భాగిస్తే ఏహెచ్ఐ (గంటకు ఎన్నిసార్లు ఊపిరికి అడ్డం పడిందనే లెక్క) 12, అంటే తేలికపాటి. నిజంగా నిద్రపోయింది 6 గంటలే అయితే 16, అంటే మధ్యస్థం. (5 నుంచి తేలికపాటి, 15 నుంచి మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.) దోమల బ్యాట్ పట్టుకుని అర్ధరాత్రిదాకా తిరిగినవాళ్ల రిపోర్టు అందుకే బాగుంటుంది!

ముక్కు గొట్టాన్ని రెండు చెంపల మీదా టేపుతో అతికించాలి. అది జారితే ఆ గంటలు వృథా. ఆక్సిమీటర్ పెట్టే వేలికి నెయిల్ పాలిష్ ఉండకూడదు. కనీసం 4 గంటల శుభ్రమైన సిగ్నల్ లేకపోతే మళ్లీ చేయించుకోవాలి. రెండోసారికి డబ్బు అడుగుతారా లేదా అన్నది బుకింగ్ అప్పుడే తేల్చుకోండి.

మార్కు తగ్గించింది మాత్రం రిపోర్టు దగ్గర. కొందరు ఒక్క పేజీ పీడీఎఫ్ పంపి, అదే ఫోన్‌లో సీప్యాప్ మిషన్ (మాస్కుతో గాలి ఒత్తిడి ఇచ్చి గొంతు మూసుకోకుండా చూసేది) ధర చెప్తారు. ఏహెచ్ఐతో పాటు ఆక్సిజన్ 90 శాతం కంటే తక్కువ ఉన్న సమయం, వెల్లకిలా పడుకున్నప్పటి అంకె, సిగ్నల్ గ్రాఫులు అడిగి తీసుకుని స్లీప్ డాక్టర్‌కి చూపించాలి. నార్మల్ అని వచ్చినా పగటి మత్తు వదలకపోతే ఈఈజీతో చేసే పాలీసోమ్నోగ్రఫీకి ఆస్పత్రిలో ఒక రాత్రి పడుకోవాల్సిందే.