7 నెలలు, 14 సిగార్లు: షాప్ వాళ్ళ సొంత రొబస్టో గురించి

దగ్గర్లోని టొబాకో షాప్‌లో కొత్తగా పెట్టిన హౌస్ బ్లెండ్ ఇది. రొబస్టో సైజు, 5 అంగుళాల పొడవు, 50 రింగ్ గేజ్, అంటే అంగుళాన్ని 64 వంతులు చేస్తే అందులో 50 వంతుల లావు, ముప్పావు అంగుళం పైనే. 20 ఉన్న కట్ట తెచ్చుకుని 7 నెలలైంది, సగటున నెలకి రెండు చొప్పున 14 కాల్చా, మొదటి వారంలోనే రాసుంటే మాత్రం కొనొద్దని రాసేవాణ్ణి.

మొదటిది తెచ్చిన రోజే వెలిగించా. రెండు దమ్ములు లాగేసరికి ముక్కులో అమ్మోనియా ఘాటు, నాలుక మీద మంట, సగం కూడా కాకముందే మూడుసార్లు ఆరిపోయింది. ఆకు ఇంకా కుర్రదే, మగ్గింది సరిపోలేదు అనుకున్నా. మూడోది ఇంకా ఘోరం, ఎంత లాగినా పొగే రాదు, వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా దొర్లిస్తే బ్యాండ్ (సిగార్‌కి చుట్టిన కాగితపు పట్టీ) కింద గట్టిగా ఒక ముడిలా తగిలింది, చుట్టేటప్పుడే ఆకు అక్కడ ముద్దగా పడిపోయింది. షాపాయనకి చూపిస్తే మారు మాట్లాడకుండా ఇంకోటి ఇచ్చారు, అది మెచ్చుకోవాలి.

తడి ఎక్కువుందేమో అని అప్పుడు అనుమానమొచ్చింది, కానీ నా హ్యుమిడార్‌లో (సిగార్లు ఎండిపోకుండా తేమతో ఉంచే పెట్టె) తేమ మీటర్ 69 శాతం చూపిస్తోంది, బానే ఉంది కదా అనుకుంటూ వచ్చా. ఓ రోజు ఉప్పు టెస్ట్ చేశా. సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా తడి ఇసకలా అయ్యేంత నీళ్ళు కలిపి, మీటర్‌తో పాటు గట్టిగా మూసే కవర్లో ఒక రాత్రంతా ఉంచితే లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది, నా మీటర్ చూస్తే 71 అంటోంది! అంటే 4 తక్కువ చూపిస్తోంది, నా సిగార్లు ఇన్నాళ్ళూ 73లో నానుతున్నాయి. తడి ఆకు ఉబ్బుతుంది, డ్రా, అంటే పొగ లాగే దారి, బిగుసుకుపోతుంది, మాటిమాటికీ ఆరిపోతుంది. సిగార్ని తిట్టుకున్నదాంట్లో సగం ఈ మీటర్ తప్పే. తేమని 65 శాతం దగ్గర నిలిపే బోవెడా ప్యాకెట్లు పడేసి, 18-20 డిగ్రీల చల్లదనంలో పెట్టి (వేడి 24-25 దాటితే ఆకులో ఉన్న పురుగు గుడ్లు పొదుగుతాయి, రాపర్ (పైన చుట్టే ఆకు) మీద సూది బెజ్జాలు పడతాయి) రెండు నెలలు ముట్టుకోలేదు.

ఆ తర్వాత కాల్చింది వేరే సిగారేమో అన్నట్టుంది, నిజంగా. అమ్మోనియా జాడే లేదు. వెలిగించకముందు తల కోసి ఉత్తి గాలి పీలిస్తే దేవదారు చెక్క వాసన, కొంచెం కోకో. రాపర్ ఎక్వడార్ హబానో, అంటే ఎక్వడార్‌లో పండించిన క్యూబా రకం పొగాకు, అని చెప్పారు, అక్కడ మబ్బులే ఎండకి తెరలా అడ్డుపడతాయి కాబట్టి ఆకు పల్చగా, ఈనెలు సన్నగా వస్తుంది, దీని మీద కూడా ఈనెలు చేతికి తగలవు. లోపల నికరాగువా ఆకు. మొదటి భాగంలో మిరియాల ఘాటు, పొగని కొంచెం ముక్కులోంచి వదిలితే ఇంకా బాగా తెలుస్తుంది. రెండో భాగమే దీని అసలు సొగసు, మిరియం తగ్గి కోకో, కాల్చిన గింజల రుచి, చివర్లో సన్నటి తీపి. ఆఖరి భాగంలో తొందరపడి లాగితే చేదెక్కుతుంది, నిమిషానికి ఒక్క దమ్ము చాలు, అలా కాలిస్తే గంట దాకా వస్తుంది.

నాకు బాగా నచ్చింది నుసి. అంగుళం పైగా నిలబడింది, రాలాక చూస్తే నిప్పు పెన్సిల్ మొనలా కోసుగా ఉంది. లిహేరో అని మొక్క పైభాగంలో ఎండ బాగా తగిలిన దళసరి ఆకు ఉంటుంది, ఘాటు దానిదే, నిదానంగా కాలుతుంది కూడా, అందుకే దాన్ని నడిమధ్యలో పెట్టి చుట్టాలి, అలా చుడితేనే ఈ మొన వస్తుంది. ఆ సిగార్ చుట్టిన చెయ్యి మంచి చెయ్యి.

కానీ అన్నీ ఒకే చేత్తో చుట్టినట్టు లేవు, అదే నా కంప్లైంట్. 14లో 2 బిగుసుకుపోయాయి, 3 ఒక పక్కకే కాలుతూ పోయాయి, లైటర్‌తో సరిచేసుకుంటూ కూర్చుంటే ధ్యాసంతా అక్కడే. కట్ట మీద చుట్టిన తేదీ లేకపోవడం ఇంకో లోటు.

కొత్తవాళ్ళు దీంతో మొదలెట్టకండి, ఖాళీ కడుపుతో అసలొద్దు, నికోటిన్‌కి తల తిరుగుతుంది. పొగ లోపలికి పీల్చట్లేదు కాబట్టి ఏం కాదనే మాట కూడా నమ్మొద్దు, నోటికీ గొంతుకీ క్యాన్సర్ ముప్పు ఉండనే ఉంది, నేను సగటున నెలకి రెండు దాటనిది అందుకే.

ఇంకో కట్ట కొంటానా అంటే కొంటా, కానీ ఒక్కోటీ వేళ్ళతో నొక్కి చూసుకుని, విడిగా ఏరుకుని. మిగిలిన 6లో రెండు పక్కన పెట్టేశా, ఏడాది నిండాక తీస్తా.