మెత్తటి ప్లాస్టిక్ క్రేఫిష్ ఎర: కోనసీమ కాలువల్లో ఎలా పనిచేస్తోందంటే

క్రేఫిష్ (పెద్ద డెక్కలుండే, రొయ్యలాంటి మంచినీటి జీవి) మన గోదావరిలోనే కాదు, ఇండియాలోనే సహజంగా లేదు. మరి దాని బొమ్మని మన కొర్రమీను ఎందుకు కొడుతుందని కొనేముందు నాకూ అనుమానమే. కానీ అడుగున రెండు డెక్కలు ఆడిస్తూ వెనక్కి వెనక్కి దూకేది దాని కంటికి ఏ పీతలానో, నీలకంఠ రొయ్యలానో ఉంటుంది గాబోలు, వచ్చి కొడుతోంది.

ఆన్‌లైన్లో తీసుకున్నాను, మూడంగుళాల సైజు, బురద రంగు. ప్లాస్టిక్ చాలా మెత్తన, డెక్కలు పల్చగా ఉండటంతో నెమ్మదిగా లాగినా ఆడుతూనే ఉంటాయి. ప్యాకెట్‌తో పాటు ఫ్రీగా ఇచ్చిన ముళ్లు మాత్రం దండగ. కొర్రమీను నోరు గట్టి ఎముక, అందులో ఈ సన్న తీగ దిగకపోగా సాగిపోయింది. విడిగా మందం ఉన్న 3/0 సైజు ఆఫ్‌సెట్ హుక్కులు (దారం కట్టే కన్ను దగ్గర మెట్టులా వంగి ఉండేవి) కొనుక్కోండి.

ఇక కట్టడం. ముందు దారానికి తూటా ఆకారం సీసం ఎక్కించి, తర్వాత హుక్కు కట్టాలి. ముల్లుని ఎర మూతిలోకి అర సెంటీమీటరు గుచ్చి కింద నుంచి బయటికి తీసి, హుక్కు కన్ను దగ్గరి మెట్టు వంపు మూతి దగ్గరికి వచ్చేదాకా లాగి, తిప్పి, మళ్లీ ఒంట్లోకి గుచ్చి మొన మాత్రం పైపొర కింద దాచెయ్యాలి. దీన్నే టెక్సాస్ రిగ్ అంటారు. ఎర తిన్నగా కూర్చోవాలి, కొంచెం వంకర పోయినా నీళ్లలో గిర్రున తిరిగి దారం మెలిపడిపోతుంది. మొన లోపలుంటుంది కాబట్టి నాచుకీ తూటికాడలకీ తగులుకోదు, మన కాలువలకి కావాల్సింది అదే కదా. కాకపోతే చేప కొట్టాక గట్టిగా గుంజాలి, ముల్లు ముందు ప్లాస్టిక్‌ని చీల్చుకుని బయటికి రావాలి మరి.

లొల్ల లాకుల వైపు పారే నీళ్లలో 7 గ్రాముల సీసం సరిపోతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మిగిలే మడుగుల్లో అంత బరువు వేస్తే ఎర బురదలో కూరుకుపోతుంది, సగం చాలు. గుర్రపు డెక్క దట్టంగా అల్లుకున్న చోట ఇది దండగే, అక్కడ పైన తేలే రబ్బరు కప్పకే నా ఓటు. అంతర్వేది వైపు ఉప్పునీటి పాయల్లో పండుగప్పకైతే జిగ్ హెడ్‌కి (తల దగ్గరే సీసం పోసి ఉన్న హుక్కు) గుచ్చి వాడండి, దాని మొప్పల అంచు బ్లేడులా కోస్తుంది కాబట్టి మందపాటి లీడర్ (ఎరకి ముందు కట్టే గట్టి దారం ముక్క) తప్పనిసరి. అన్నట్టు, రొయ్యల చెరువు గట్టున మాత్రం గేలంతో నిలబడకండి, మీరేం చెప్పినా కాపలావాళ్లు నమ్మరు.

మన్నిక తక్కువ, నాలుగు కాట్లకి డెక్క ఊడుతుంది. మూతి చీలితే లైటరుతో కాస్త కరిగించి అతికించొచ్చు. వంకర పోయిన డెక్కల్ని వేన్నీళ్లలో ముంచితే తిన్నబడతాయి. వేరే ఎరల డబ్బాలో కలిపి పెట్టొద్దు, కొన్ని ప్లాస్టిక్కులు ఒకదాన్నొకటి కరిగించేసుకుంటాయి, వచ్చిన కవర్లోనే ఉంచండి. ఎర్రలు, కోడిపేగులతో పోలిస్తే ఖర్చెక్కువే గానీ చేతులు వాసన రావు.