స్పెక్ట్రమ్, కమడోర్ 64: పిక్సెల్ బొమ్మలకు ఏది నయం?

రెండూ ఇళ్లలో వాడుకునే కంప్యూటర్లు, 1982లోనే వచ్చాయి, బ్రిటన్‌లో పిల్లలు స్కూళ్లలో వాదించుకున్నదీ వీటి గురించే.

జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ తెర 256×192 చుక్కలు, గీత సన్నగా, పదునుగా పడుతుంది. చిక్కల్లా రంగుతోనే: ప్రతి 8×8 గడిలో రెండే రంగులు, అందుకే ఎర్ర చొక్కా మనిషి పచ్చ చెట్టు ముందు నుంచి నడిస్తే చెట్టులో ఆ ముక్క కూడా ఎర్రబడిపోతుంది. ఈ గోల తప్పించుకోవడానికి ఆటలు తయారుచేసేవాళ్లలో చాలామంది తెర మొత్తాన్ని ఒకే రంగులో గీసేశారు, నిజం చెప్పాలంటే నాకు ఆ బొమ్మలే ఎక్కువ నచ్చుతాయి.

కమడోర్ 64లో మల్టీకలర్ మోడ్ పెడితే గడికి నాలుగు రంగులు వాడొచ్చు, కానీ అడ్డంగా చుక్కలు 160కి పడిపోయి ఒక్కోటీ ఇటుకలా వెడల్పవుతుంది. ఉన్న 16 రంగుల్లో గోధుమ, బూడిద ఛాయలు ఉన్నాయి కాబట్టి ముఖాలకు, రాళ్లకు నీడలు బాగా కుదురుతాయి. స్పెక్ట్రమ్‌వి మరీ కళ్లల్లో గుచ్చుకునే రంగులు.

యానిమేషన్ అయితే మాత్రం కమడోరే, ఇందులో వాదనేం లేదు. 24×21 చుక్కల స్ప్రైట్లు (తెర మీద విడిగా కదిలే చిన్న బొమ్మలు) ఎనిమిదింటిని, వెనకున్న బొమ్మ చెడకుండా, గ్రాఫిక్స్ చిప్పే చూపిస్తుంది, తర్వాతి ఫ్రేమ్‌కి ఒక్క బైట్ మారిస్తే చాలు. స్పెక్ట్రమ్‌లో ఆ సౌకర్యం లేదు, పాతది చెరిపి కొత్తది గీసే చాకిరీ అంతా ప్రాసెసర్‌దే.