బీచ్ రోడ్డులో శ్రీశ్రీ విగ్రహం: ఐదుకు నాలుగు మార్కులు

శ్రీశ్రీ సమాధి చూపించమని ఈ మధ్య మా నాన్న ఒకటే పట్టు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు, పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. శ్రీశ్రీ 1910లో పుట్టింది మన విశాఖలోనే గానీ, కన్నుమూసింది మద్రాసులో, 1983 జూన్ 15న. ఇక్కడ ఆయనకో పువ్వు పెట్టాలంటే సముద్రపు ఒడ్డున ఉన్న విగ్రహం దగ్గరికే వెళ్ళాలి. అందుకే ఈ జూన్ 15న తెల్లవారకముందే ఇద్దరం బయలుదేరాం.

పెద్దవాళ్ళతో వెళ్ళేవారు ఒకటి గుర్తుంచుకోండి. పొద్దున నడకకు వచ్చేవాళ్ళ కోసం బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు. ఆటో అబ్బాయి అడ్డుకంచె దగ్గరే దింపి, "అదిగో సార్" అని ఒక విగ్రహం చూపించాడు. తీరా వెళ్తే అది గురజాడది! నాన్న విసుక్కోలేదు. దండలోంచి రెండు బంతిపూలు తెంపి దిమ్మె మీద పెట్టి, "పెద్దాయనను పలకరించకుండా ఎలా వెళ్తామమ్మా" అన్నారు.

శ్రీశ్రీ దగ్గరికి చేరేసరికి ఎండ వచ్చేసింది. దిమ్మె మీద చేయి వేస్తే ఉప్పుగాలికి పేరుకున్న దుమ్ము జిగటగా అంటుకుంది. పాత దండ పూలన్నీ రాలిపోయి దారం ఒక్కటే వేలాడుతోంది. నాన్న జేబురుమాలు తడిపి అందినంత మేర తుడిచారు. ఒక మార్కు తగ్గించింది అందుకే. దండ వేసినవాళ్ళే మర్నాడు వచ్చి తీసేస్తే ఎంత బాగుంటుంది!

ఇంతలో చక్రాల బూట్లతో వెళ్తున్న పిల్లవాడొకడు ఆగి, "ఎవరు తాతగారూ ఈయన?" అని అడిగాడు. ఇక నాన్న మొదలుపెట్టారు. మన ఎ.వి.ఎన్. కళాశాలలో డిమాన్‌స్ట్రేటరుగా పనిచేశారనీ, ముప్ఫైలలో రాసిన గేయాలు 1950లో గానీ 'మహాప్రస్థానం'గా అచ్చు కాలేదనీ చెప్పి, గొంతెత్తి చదివారు. మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో కుర్చీ వదలని మనిషి, నిటారుగా నిలబడి, ఒక్క మాట తడబడకుండా! "మళ్ళీ చదవరా?" అన్నాడు పిల్లవాడు. మళ్ళీ చదివారు.

వాహనాలు వదిలాక ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి 10కె బస్సు ఆ దారినే వెళ్తుంది. నీళ్ళ సీసా, మెత్తటి గుడ్డ తీసుకెళ్ళండి. నాన్న అప్పుడే పాత పంచె ఒకటి చింపి, మడతపెట్టి, వచ్చే ఏటి కోసం బీరువాలో దాచారు.