టాలో సబ్బు మానేసి మైసూర్ శాండల్‌కి మారా, మూడు నెలల తర్వాత నా మాట

మూడు నెలలుగా వాడుతున్నా కాబట్టి రాస్తున్నా. సబ్బు రివ్యూనే, కానీ మధ్యలో మా అమ్మ వస్తూ ఉంటుంది, ఆవిడ లేకపోతే ఈ గోలే లేదు.

మేముండేది డాలస్‌లో, అమ్మ ఏలూరు నుంచి ఆర్నెల్లకని వచ్చింది. వచ్చిన రెండోరోజు పొద్దున్నే స్నానానికి వెళ్ళింది, పది నిమిషాలైనా నీళ్ళ చప్పుడు లేదు, ఏమైందా అని తలుపు కొడితే కళ్ళజోడు పెట్టుకుని సబ్బు అట్టపెట్టె తిప్పి తిప్పి చూస్తోంది. "దీనిమీద ఆకుపచ్చ చుక్క ఏదే?" అంది. ఇండియాలో 2014లో సబ్బులు, షాంపూలు, పేస్టుల మీద కూడా ఆకుపచ్చ చుక్కో ఎర్ర చుక్కో వెయ్యాలని రూల్ తెచ్చారు కదా, ఆవిడకి ఏది కొన్నా ముందు అది వెతకడం అలవాటు. ఇక్కడ చుక్కా లేదు ముక్కా లేదు, వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో లిస్టు ఉంటుంది, ఓపికుంటే చదువుకోవాలి. చదివా. సోడియం టాలోయేట్, లేదా సోడియం పామేట్ అని ఉంది. ఆ "లేదా" చూశారా! ఆ రోజు ఫ్యాక్టరీలో ఏది ఉంటే అది అన్నమాట. పామేట్ అంటే పామాయిల్, టాలో అంటే పశువుల కొవ్వు, అమెరికాలో అయితే చాలామటుకు ఆవుదే. పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టనిదాన్ని, ఏడేళ్ళుగా రోజూ ఒళ్ళంతా రుద్దుకుంటున్నానా దీన్ని?

అమ్మ ఆ పూట ఉత్త వేణ్ణీళ్ళు పోసుకుని వచ్చి దీపం పెట్టుకుంది. 1983లో వనస్పతిలో టాలో కలిపారని గొడవైనప్పుడు మా నానమ్మ వనస్పతి డబ్బా తీసుకెళ్ళి వీధిలో పెట్టేసిందట, మధ్యాహ్నమంతా ఆ కథే.

నిజానికి సబ్బంటే నూనో కొవ్వో కాస్టిక్ సోడాతో కలిపి తయారుచేసేదే, ఏ కొవ్వు అన్నదే తేడా. టాలో వేస్తే బిళ్ళ గట్టిగా ఉంటుంది, తొందరగా అరగదు, నురగ క్రీములా వస్తుంది, పైగా చవక. ఒప్పుకోవాలి, ఆ పాత సబ్బు బాగుండేది.

ఆ శనివారమే ఇండియన్ స్టోర్‌కెళ్ళి చంద్రిక, మైసూర్ శాండల్ రెండూ తెచ్చా. చంద్రిక కొబ్బరినూనె సబ్బు, ఇక్కడి ఉప్పునీళ్ళలో కూడా నురగ బ్రహ్మాండంగా వస్తుంది కానీ సబ్బుపెట్టెలో కాస్త తడి ఉంటే చాలు, సాయంత్రానికి ఆకుపచ్చ జావ. పదిరోజులు రాలేదు. దాన్ని పక్కన పెట్టేశా.

మైసూర్ శాండల్ సంగతి వేరు. కర్ణాటక ప్రభుత్వ కంపెనీది, 1916లో మైసూర్‌లో గంధం నూనె ఫ్యాక్టరీతో మొదలైన వ్యవహారం, పెట్టె మీద సింహం ఒంటికి ఏనుగు తలున్న ఆ శరభం బొమ్మ చూడగానే అమ్మ మొహం వికసించింది. బిళ్ళ గట్టిగా ఉంది, చివర్న అగ్గిపుల్లంత పల్చగా అయ్యేదాకా విరగలేదు. వాసన స్నానం అయ్యాక గంటసేపు నిలుస్తుంది, బాత్రూమ్‌లో అయితే పూటంతా. ఖాళీ పెట్టెలు అమ్మ అప్పుడే చీరల మధ్య పెట్టేసింది. లోటు ఏంటంటే చలికాలం ఇక్కడ హీటర్ గాలికి ఒళ్ళు పగులుతుంది, ఈ సబ్బుతో మోకాళ్ళ కింద తెల్లగా పొలుసులు లేచాయి, స్నానం కాగానే కొబ్బరినూనె రాసుకోవాల్సిందే. మొహానికి నేనైతే వాడను.

సబ్బు ఒక్కటే అయితే సరిపోయేది, నాకు పురుగు కుట్టింది కదా, షెల్ఫ్ మొత్తం కిందకి దించా. షాంపూలో గ్లిసరిన్, క్రీములో స్టియరిక్ యాసిడ్, ఇవి నూనెగింజల నుంచీ తీస్తారు, కొవ్వు నుంచీ తీస్తారు, లేబుల్ చూసి ఎవడూ చెప్పలేడు. షాంపూ కంపెనీకి మెయిల్ పెడితే జంతువులదైనా కావచ్చు, మొక్కలదైనా కావచ్చు, సింథటిక్ అయినా కావచ్చు అని జవాబు. థాంక్సండీ బాబూ! లిప్ బామ్‌లో తేనెమైనం, ఇంకో క్రీములో లానోలిన్, అంటే గొర్రె ఉన్నికి అంటుకుని ఉండే జిడ్డు. నా ఎర్ర లిప్‌స్టిక్‌లో కార్మైన్, అది పురుగుల్ని ఎండబెట్టి తీసే రంగు. లిప్‌స్టిక్ నోట్లోకి కూడా పోతుంది కదా, దాన్ని మాత్రం వెంటనే తీసి అవతల పడేశా.

మా ఆయన ఆదివారం ఆదివారం చికెన్ లాగిస్తాడు కాబట్టి ఆయనకిదంతా కామెడీ. "అత్తయ్యగారూ, మరి తిరుమల స్వామికి పునుగు తైలం రాస్తారు కదా, అది పిల్లిది కాదా?" అన్నాడు. అమ్మ తడుముకోలేదు. "పిల్లిని చంపుతారా అల్లుడుగారూ? బోనులో గంధపు చెక్క పెడతారు, అదే వచ్చి ఒళ్ళు రుద్దుకుంటుంది, చెక్కకి అంటింది గీకి తీస్తారు." పాయింటే. అయితే మరి నీ మడి పట్టుబట్ట సంగతేంటి, పట్టుపురుగుల్ని గూళ్ళతో సహా ఉడకబెడతారుగా అని నేనన్నా. "పప్పు మాడుతోంది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పప్పు ఏమీ మాడట్లేదు. నేనూ ఇంకేం అడగలేదు, నా బీరువాలో పదిహేను పట్టుచీరలున్నాయి.

చివరికి తేల్చుకున్నదేంటంటే టాలో అని పేరుపెట్టి రాస్తే, పక్కన "లేదా" ఉన్నా సరే, ఇంట్లోకి రాదు. గ్లిసరిన్ లాంటివి ఎక్కడివో తవ్వను, తేనెమైనం, లానోలిన్ వాడతా. పామాయిల్ కోసం అడవులు కొట్టేస్తున్నారని ఫ్రెండ్ ఒకావిడ క్లాసు పీకింది, కావచ్చు, కానీ మా పెదవేగి వైపు పామాయిల్ తోటల మీదే బతికే చుట్టాలున్నారు నాకు, ఆ సబ్జెక్టు ఇంకోసారి.

పాత సబ్బులు ఇంకా ఆరు మిగిలాయి, చెత్తలో పడేయబోతే అమ్మే ఆపింది, "పారేస్తే ఆ ఆవు లేచొస్తుందా? ఎవరికైనా ఇవ్వు" అని. పక్కింటి వాళ్ళకి ఇచ్చా, వాళ్ళు వాడే బ్రాండే అట, సంతోషంగా తీసుకున్నారు. మైసూర్ శాండల్‌కి అయిదుకి నాలుగు, చలికాలంలో అయితే మూడున్నర.