చిన్న క్లాసులకి క్విజ్‌లెట్ లైవ్ ఎలా ఉందంటే

మూడో క్లాసు పిల్లలకి పదాల రివిజన్‌కి క్విజ్‌లెట్ లైవ్ అనే ఆన్‌లైన్ క్విజ్ ఆటనే వాడుతున్నా, నాకైతే తెగ నచ్చింది. టీమ్ మోడ్‌లో ప్రశ్న అందరికీ ఒకటే కానీ సరైన జవాబు టీములో ఒక్కళ్ళ స్క్రీన్ మీదే ఉంటుంది, అందుకే ఎప్పుడూ నోరు విప్పని పిల్ల కూడా "నా దగ్గరుంది, నా దగ్గరుంది" అని గట్టిగా చెప్పేస్తుంది, అది చూస్తే ఎంత ముచ్చటేస్తుందో. తప్పు నొక్కితే స్కోరు మళ్ళీ సున్నా, దాంతో తోచింది నొక్కేయడం మానేసి ఒకళ్ళనొకళ్ళు అడుగుతారు. చదవడంలో ఇంకా తడబడే పిల్లలకి మాత్రం ముందు బొమ్మల కార్డులతో జతలు కలిపే ఆట పెట్టండి. ఆట అవ్వగానే వదిలేయకుండా ఎక్కువమంది తప్పు చేసిన పదాలతో తలా ఒక వాక్యం చెప్పించండి. తలా ఒక ట్యాబో ఫోనో కావాలి, అదొక్కటే ఇబ్బంది.